హాలండ్‌కి వెళ్ళని పదకొండు రోజులు

మా మామగారు వాసుదేవరావుగారు బెజవాడ రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ రాసే అలవాటు వదల్లేదు. పోయినేడు జర్మనీ సరిహద్దు ఊరు ఆకెన్‌లో మా ఇంట్లో మూడు నెలలున్నప్పుడు, వంటింటి క్యాలెండర్ గళ్ళలో పాల లెక్క పక్కనే నా రాకపోకలూ ఎక్కించారు. "8.10 కోడలు బయలుదేరె. 5.40 చేరె." నేనేమైనా గూడ్సు బండినా అని మా ఆయన శశాంక్ మీద ఎగిరిపడ్డాను. "నాన్నకదో కాలక్షేపం, హేమా" అన్నాడు. కాలక్షేపం ఆయనకి, ఒళ్ళు మంట నాకు.

నా ఉద్యోగం సరిహద్దు అవతల, హాలండ్‌లో. బస్సులో గంట ప్రయాణం. కొన్ని రోజులు అక్కడికి వెళ్తాను, కొన్ని రోజులు ఇక్కడే హోమ్ ఆఫీస్. ఏ రోజు ఏ దేశంలో కూర్చుని పనిచేస్తే ఆ రోజు జీతం మీద పన్ను ఆ దేశానిది. హాలండ్ వాళ్ళు తమ వాటా ముందే కోసేసుకున్నారు. ఈ ఏడు ఇక్కడి పన్నుల ఆఫీసు, ఫినాన్స్‌ఆమ్ట్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ పనిచేసిన రోజులకు రుజువు లేకపోతే ఏడాదంతా జర్మనీలో చేసినట్టేనట. అంటే ఒకే జీతానికి రెండు చోట్ల పన్ను. ఆరు వేల యూరోలు! నాకు అన్నం సయించలేదు.

మా కంపెనీ గేటు రికార్డు ఇచ్చింది. అదొక్కటే చాలదు, కనీసం మూడు నెలలకైనా ఇంట్లో రాసుకున్న రోజువారీ లెక్క కావాలన్నారు పన్నులాఫీసు వాళ్ళు. నేను ఒక్క ముక్క రాసుకుంటే ఒట్టు. శశాంక్ వంటింటి గోడకేసి చూశాడు. పోయినేటి క్యాలెండర్ ఇంకా అక్కడే వేలాడుతోంది.

ఏ క్యాలెండర్‌ని తిట్టిపోశానో దాన్నే చంకన పెట్టుకుని, ఈ ఏడు మళ్ళీ వచ్చిన మామగారిని వెంటబెట్టుకుని, ఫినాన్స్‌ఆమ్ట్ వాళ్ళు రమ్మన్న టైముకి వెళ్ళాను. ఆయన రాత ఆయనకే అర్థమవుతుంది మరి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడి గడికీ వేలు పెట్టి, తన ఇంగ్లీషులో చదివి వినిపించారు. ఫ్రౌ క్రేమర్ అనే ఆఫీసరమ్మ ముచ్చటపడి మరీ రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగి జర్మన్‌లో అడిగింది.

"ఈ మూడు నెలల్లో మీరు బయటికెళ్ళినవి ముప్పై తొమ్మిది రోజులు. కంపెనీ గేటు దాటినవి ఇరవై ఎనిమిది. మిగతా పదకొండు రోజులు ఎక్కడున్నారు?"

ఆ రోజుల సంగతి మరిచేపోయాను. ఇంట్లో వీడియో మీటింగులో ఉంటే మామగారు ఉప్మా ప్లేటుతో వెనక నిలబడి, "ఆ బట్టతలాయన ఏవంటన్నాడమ్మా?" అని అడిగేవారు. ఆ బాధ పడలేక, హాలండ్‌కని చెప్పి ఊళ్ళో లైబ్రరీకి పోయి పనిచేసుకునేదాన్ని. ఆయనకి జర్మన్ రాదన్న ధైర్యంతో ఆవిడకి నిజం చెప్పేశాను.

"అయితే ఆ పదకొండూ జర్మనీవి. మిగతా రోజులకు ఇబ్బంది లేదు," అందావిడ. "రాసినవారే ఆ గళ్ళలో 'లైబ్రరీ' అని దిద్ది సంతకం పెట్టాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామగారికి తెలుగులో చెప్పక తప్పలేదు. సిగ్గుతో క్యాలెండర్ మీంచి కళ్ళెత్తకుండా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పదకొండు గళ్ళూ దిద్ది సంతకాలు పెట్టారు. అప్పుడన్నారు.

"నువ్వింట్లో ఉంటే మీ ఆఫీసోళ్ళు చూస్తారని పొద్దున్నే ప్యాంటేసుక్కూచునేవోణ్ణమ్మాయ్. తుమ్మొచ్చినా ఆపుకునేవోణ్ణి. నువ్వెళ్ళిన్రోజే లుంగీ కట్టుకుని, హాయిగా పాటలు పెట్టుకునేది. ఆ ఉప్మా కూడా, తినేసి తొందరగా బయల్దేరతావేమోనని."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయనేమన్నారని ఫ్రౌ క్రేమర్ అడిగింది. పదకొండూ సరిపోయాయన్నారని చెప్పాను.

ఇంటికొచ్చే బస్సులో ఆయన అడిగారు. "రేపెక్కడికమ్మాయ్?"

"లైబ్రరీకండీ, మామయ్యగారూ."

"ఐదు దాకా రామాక."