ఐదో సీటు

"నీకేముంది, రోజూ చేసే పనే కదా" అని మా ఆయన అన్నప్పుడు నేను కుక్కరు మూతకున్న రబ్బరు ఊడదీసి కడుగుతున్నాను. సెలవులకి విదేశం వెళ్దామన్న మాట పుట్టి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు. ఆయన స్నేహితుడెవరో వెళ్ళొచ్చి ఫోటోలు పంపాడట, మనకేం తక్కువని ఈయనకి రోషం వచ్చింది. ఆ రోషం హాల్లోంచి వంటింటి గడప దాటేసరికి నా పని అయిపోయింది. పెద్ద ఊరై ఉండాలి, ఖర్చు మాత్రం తక్కువ కావాలి. అత్తయ్యగారి మోకాళ్ళకి మెట్లు తగలకూడదు. మా ఆడపడుచుకి కిటికీ పక్క సీటు, పిల్లకి గదిలో వైఫై. ఇన్నీ ఒప్పజెప్పి ఆయన టీవీ ముందుకి వెళ్ళిపోయారు. నేను రబ్బరు మళ్ళీ మూతకి బిగించాను. విచిత్రమేమిటంటే నాకు కోపం రాలేదు, లోపల ఏదో చిన్నపిల్లలా గంతులేసింది. అన్నీ చెప్పిన మనిషి ఏ ఊరో చెప్పలేదు. అంటే ఊరు నేను ఎంచుకోవచ్చు.

ఏ ఊరన్నది నాకు ఆలోచించాల్సిన పనే లేదు. నేనొక కంపెనీలో ట్రావెల్ డెస్క్ చూస్తాను. మా కంపెనీ యంత్రాల విడిభాగాలు అమ్ముతుంది. మేనేజర్లు వాటిని అమ్మడానికి దేశదేశాలు తిరుగుతుంటారు, వాళ్ళని తిప్పడానికి నేను కుర్చీ కదలకుండా కూర్చుంటాను. పధ్నాలుగేళ్ళలో ఒక్క ఆ నగరానికే ఎన్ని వందల టికెట్లు చేశానో లెక్కలేదు. మధ్యలోంచి నది పారే ఊరు అది. నదిమీద, కాలినడకన వెళ్ళేవాళ్ళకి మాత్రమే అని ఒక వంతెన ఉంది. మేనేజర్లు అక్కడ దిగి దారి తప్పగానే నాకే ఫోన్ చేస్తారు. "బయటికి రాగానే కుడివైపు టాక్సీవాళ్ళు పిలుస్తారు, వాళ్ళ మొహం చూడకండి సార్. ఎడమపక్క మెట్లు దిగితే రైలు. నాలుగో స్టేషన్లో దిగి మందుల షాపు ఉన్న గేటువైపు రండి, పూలకొట్టు వైపు వస్తే రోడ్డు దాటాలి" అని నేను ఫైళ్ళ మధ్య కూర్చుని చెబుతాను. ఒకసారి ఒక సేల్స్ మేనేజరు ఆ వంతెనమీద నిలబడి, గాలి హోరులో అరుస్తున్నట్టు అడిగాడు, "మీరెన్నిసార్లు వచ్చారమ్మా ఈ ఊరికి?" అని. రాలేదన్నాను. ఆయన నమ్మలేదు. ఆ ఫోన్లో వినిపించిన గాలి చప్పుడు మాత్రం చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది. వెళ్ళొచ్చినవాళ్ళు నాకు బీరువాకి అంటించుకునే అయస్కాంతం బొమ్మబిళ్ళలు తెచ్చిస్తారు. ఆఫీసులో నా ఇనప బీరువా తలుపు నిండా నేను చూడని ఊళ్ళే.

అందుకని ఈ ప్రయాణాన్ని పంటలా పండించుకుంటున్నట్టు పని చేశాను. రోజూ మధ్యాహ్నం ఒంటిచేత్తో తింటూ రెండో చేత్తో వెతికాను. దిగాక పాస్‌పోర్టుమీద ముద్ర వేసి పంపే దేశం కాబట్టి వీసా ఖర్చు లేదు. మంగళవారం విమానాలకి ధర తక్కువ. హోటల్ నడిబొడ్డున వద్దు, రైల్లో నాలుగు స్టేషన్లు ఇవతల తీసుకుంటే అదే గది సగానికొస్తుంది, పొద్దున టిఫిను కూడా వాళ్ళే పెడతారు. లిఫ్టు ఉందా అని మూడు హోటళ్ళకి రాశాను. ఒక హోటలువాళ్ళు లిఫ్టు ఉందన్నారు, అది మొదటి అంతస్తు నుంచి మొదలవుతుందని చివర్లో చెప్పారు. అది కొట్టేశాను. అత్తయ్యగారికి, మా ఆడపడుచుకి, పిల్లకి కలిపి ఒక పెద్ద గది, మా ఇద్దరికీ ఒకటి. మొదటి నెలజీతానికి కూడా నేనంత మురిసిపోలేదు.

ఇక టికెట్లు. ఐదు సీట్లు ఒక్కసారి అడిగితే ధర పెరుగుతుంది. అదే విమానంలో రెండు, రెండు, ఒకటి అని విడివిడిగా తీసుకుంటే తక్కువ ధర సీట్లు దొరుకుతాయి. ఇది మా డెస్క్ వాళ్ళందరికీ తెలిసిన కిటుకు. అలాగే చేశాను. మొదట అత్తయ్యగారూ ఆడపడుచూ, తర్వాత మా ఆయనా పిల్లా. ప్రతిసారీ పై గడిలో "బుక్ చేస్తున్నవారు" అని నా పేరు, ఫోను, మెయిలు కొట్టాను. రెండు సందేశాలూ నా పేరు మీదే వచ్చాయి, అభినందనలతో సహా. అంతలో మా పెద్దసారు పిలిచారు, ఎవరికో అర్జెంటుగా టికెట్ మార్చాలట. మార్చి వచ్చి, నా కాగితంమీద "టికెట్లు" అన్న మాట పక్కన టిక్కు పెట్టేశాను. మూడోసారి మిగిలి ఉందని నా వేళ్ళకి గుర్తు రాలేదు. పధ్నాలుగేళ్ళలో అవి ఏనాడైనా నా పేరు ప్రయాణికుల గడిలో కొట్టి ఉంటే కదా గుర్తుండటానికి.

ఆ సంగతి బయటపడింది నెల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. ఎవరెక్కడ కూర్చోవాలో ఎంచుకునే రోజు. నేను ఫోనులో సీట్ల బొమ్మ తెరిచి ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చాను. ఆడపడుచుకి కిటికీ, అత్తయ్యగారికి నడవ పక్క, ఆయనకి కాళ్ళు చాచుకునే చోటు, పిల్లకి ఆయన పక్కన. ఐదో సీటు నొక్కితే పేరు రాదు. మళ్ళీ నొక్కాను. సందేశాలు రెండే ఉన్నాయి.

విషయం అర్థమయ్యాక ముందు నవ్వింది మా ఆయన. "ఆఫీసంతటికీ టికెట్లు కొట్టే మనిషివి, నీ టికెట్ నువ్వు మర్చిపోయావా" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. మా ఆడపడుచు బళ్ళో లెక్కలు చెబుతుంది, ఆ సందేశాలు తనకీ పంపాను, ఆవిడకీ నలుగురే ఐదుగురిలా కనిపించినట్టున్నారు. పాపం వదిన, అని తనూ నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ క్షణంలో ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తర్వాత చూస్తే అదే విమానంలో సీటు ధర అప్పటికి మూడింతలైంది. ఆ అంకె చూపించగానే నవ్వులు ఆగిపోయి అందరూ ఒక్కసారిగా తెలివైనవాళ్ళైపోయారు. అంత పోసి కొనడం దండగన్నారు. ఎలాగూ ఇంట్లో ఒకరుంటే మంచిదేనన్నారు. "నువ్వు లేకుండా ఎలా" అని ఒక్కరైనా అంటారేమో అని చూశాను. అత్తయ్యగారు అన్నారు కూడా, "నువ్వు లేకుండా నా మందులు ఎవరు చూస్తారు?" అని.

ఆఖరి మాట మా ఆయనది. కష్టమైన చిక్కు విప్పిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో ప్రేమగా చెప్పారు. "నువ్వొచ్చి మాత్రం కొత్తగా చూసేదేముంది? ఆ ఊరంతా నీకు నోటికొచ్చు. నువ్వు ఇంట్లో కూర్చుని ఫోన్లో దారి చెప్తూ ఉండు, మేం తిరిగొస్తాం."

ఆయన దుర్మార్గుడేం కాదు. అదే బాధ. దుర్మార్గం అయితే పోట్లాడేదాన్ని. ఆయన నన్ను మెచ్చుకుంటున్నాననుకుంటున్నారు. బల్లమీద ప్లేట్లు తీస్తూ ఆలోచించాను, నేను వీళ్ళకి ఎవరిని? ఈ ఇంటికి నేను పై గడిని. ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందు నా పేరుండాలి, ఆ తర్వాత మొదలయ్యే జాబితాలో ఉండక్కర్లేదు. పెళ్ళైన కొత్తలో ఇంటిల్లిపాదీ ఫోటో తీయించుకుంటుంటే కెమెరా నా చేతికే ఇచ్చారు. "నీకు చెయ్యి వణకదు" అన్నారు. అదీ మెచ్చుకోలే. నేను ఎంత బాగా పనిచేస్తే అంత కనిపించకుండా పోతున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, వీళ్ళు మర్చిపోవడం కాదు, నన్ను నేనే మర్చిపోయాను. వాళ్ళని అనడానికి నాకు నోరెక్కడుంది అనిపించి, సింకు దగ్గర కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను. వెనకనుంచి మా పిల్ల వచ్చింది. దానికి పదిహేనేళ్ళు, గదిలోంచి గదిలోకి ఎగురుతూ ఉంటుందని పిచ్చుక అని పిలుస్తాం. చార్జరు ఎక్కడుందో అడగడానికి వచ్చిందనుకున్నాను. అది నా పక్కన నిలబడి, కుళాయి కట్టేసి, "మరి నువ్వెప్పుడెళ్తావమ్మా?" అంది.

వెళ్తావా అని అడగలేదు. ఎప్పుడు అని అడిగింది. నాకు ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

సోమవారం పావుగంట ముందే ఆఫీసుకి వెళ్ళాను. డెస్క్‌మీద ఇంకా ఎవరి కాగితాలూ రాలేదు. వెతికే చోట ప్రయాణికులు ఎందరు అన్న గడిలో ఒకటి అని కొట్టాను. అన్ని తేదీలూ ఒక్కసారిగా చౌకైపోయాయి. ఐదుగురికి దొరకని సీటు ఒక్కరికి ఎక్కడో ఒక మూల ఉంటుంది, ఇది ఇన్నాళ్ళూ ఇతరుల కోసం తెలిసిన సంగతి. వాళ్ళకంటే వారం ముందు మంగళవారం వెళ్ళి, వాళ్ళు ఇక్కడ బయల్దేరే రోజే నేను అక్కణ్ణించి తిరుగుప్రయాణమయ్యే టికెట్ దొరికింది. మధ్యలో ఒకచోట ఐదు గంటలు ఆగాలి. ఆగుతాను, నా కోసం ఎదురుచూసే పొయ్యి ఏదీ అక్కడ లేదు. వంతెన పక్కనే ఒక చిన్న హోటలుంది. లిఫ్టు లేదు, నాలుగో అంతస్తులో ఒక్క మనిషికి సరిపడే గది. మేనేజర్లకి మంచాలు పెద్దవి కావాలి, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, అందుకని నేను ఆ హోటల్ని ఎప్పుడూ తీసుకోలేదు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పై గడిలో నా పేరు కొట్టాను. కింది గడిలో కూడా కొట్టాను. రెండింటినీ మూడుసార్లు చదువుకున్నాను. సెలవు కాగితం చూసి పెద్దసారు డెస్క్ సంగతేమిటన్నారు. అన్నీ ఫైల్లో రాసిపెట్టానని చెప్పాను.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన ముందడిగిన ప్రశ్న "ఎవరితో?" అని. ఎవరితోనూ కాదన్నాను. ఒక్కదానివీ అక్కడేం చేస్తావన్నారు.

"ఏమీ చెయ్యనండి. అందుకే వెళ్తున్నాను."

మరి మా సామాన్లెవరు సర్దుతారన్నారు. ఎవరివి వాళ్ళేనని చెప్పి, దారులూ రైళ్ళూ హోటలూ రాసిన ఫైలు ఆయన చేతికిచ్చాను. అందులో అత్తయ్యగారి మందుల చీటీ కూడా ఉంది, ఆ పేజీ ఆయన పేరుమీద పెట్టాను. రెండు రోజులు ఆయన ముభావంగా ఉన్నారు. మూడోరోజు ఫైలు తెరిచి చదువుతూ కనిపించారు. డబ్బు గురించి ఏమైనా అంటారేమో అనుకున్నాను, నా టికెట్టూ గదీ కలిపి వాళ్ళ ఒక్కొక్కరి ఖర్చుకంటే తక్కువైందని తెలిసి ఆ మాట ఎత్తలేదు. ఆశ్చర్యపరిచింది అత్తయ్యగారు. బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ళలో కూర్చుని చేసే ఉద్యోగానికి అలసటేమిటని నన్ను ఆవిడ ఎన్నిసార్లన్నారో. ఇప్పుడు గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, గదిలో ఒక్కదానివే పడుకుంటావా?"

"అవునత్తయ్యా. గడియ పెట్టుకుని."

ఆవిడ నా చీర అంచు సరిచేశారు. "నేను పుట్టి బుద్ధెరిగాక ఒక గదిలో ఒక్కదాన్నీ పడుకున్నది లేదు. ఎలా ఉంటుందో వచ్చాక చెప్పు" అన్నారు. తన మెత్తటి శాలువా తెచ్చి నా సూట్‌కేసులో పెట్టింది కూడా ఆవిడే.

ఎలా ఉంటుందో చెప్పాలంటే చాలా ఉంది. విమానాశ్రయంలో బయటికి రాగానే కుడివైపు టాక్సీవాళ్ళు పిలిచారు. వాళ్ళ మొహం చూసి మరీ నవ్వాను. ఎడమపక్క మెట్లు నేను చెప్పినచోటే ఉన్నాయి. నాలుగో స్టేషన్లో దిగి గేటు దగ్గరికొస్తే మందుల షాపు లేదు, కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఎప్పుడు మారిందో ఏమో, ఇంతమందిలో ఒక్కరూ నాకు చెప్పలేదు. ఆ షాపు ముందు నిలబడి నేను తప్పు చెబుతున్నానని తెలిసినందుకు ఎంత సంబరపడ్డానో. నా కళ్ళతో చూశాను కాబట్టి తెలిసింది. పొద్దున టిఫిను ఎవరో తెచ్చి ముందు పెట్టారు, తిన్న ప్లేటు నేను తీయబోతే ఆ అమ్మాయి ఉండనివ్వమని చేత్తో ఆపింది. ఉచితంగా చూడనిచ్చే మ్యూజియంలో ఒకే బొమ్మ ముందు గంటసేపు కూర్చున్నాను. పదండి పదండి అనేవాళ్ళు లేరు, కాళ్ళనొప్పులన్నవాళ్ళు లేరు. రాత్రి గదికి గడియ పెట్టుకుని మంచం నడిమధ్యన పడుకున్నాను.

వంతెనని మాత్రం చివరిరోజు దాకా దాచుకున్నాను. హోటల్ కిటికీలోంచి రోజూ చూస్తూనే, రేపు రేపు అనుకున్నాను. చివరి పొద్దున శాలువా కప్పుకుని, సంచి భుజానికి తగిలించుకుని, చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ ఎక్కాను. గాలి అచ్చం ఫోన్లో విన్నట్టే ఉంది, చల్లగా ఉంటుందని మాత్రం ఫోన్లో తెలియలేదు. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి ఫోను మోగింది. మా ఆయన. వెనకాల పెట్టెలు ఈడుస్తున్న చప్పుళ్ళు, అందరి గొంతులూ.

"అమ్మ మోకాలి పట్టీ ఎక్కడుంది? ఇల్లంతా గాలించాం."

"పడగ్గదిలోకి వెళ్ళండి. బీరువా ఎడమ తలుపు. రెండో అరలో మీ పాత స్వెట్టర్ ఉంటుంది, దాని కింద."

తలుపు కిర్రుమంది. కాసేపటికి, "ఉంది" అన్నారు. తర్వాత నిజంగా ఆశ్చర్యపోతూ, "అక్కడ నిలబడి ఇక్కడిది ఎలా చెప్పగలుగుతున్నావు?" అన్నారు.

నదివైపు చూస్తూ అడిగాను, "మీరెన్నిసార్లు వచ్చారండీ ఆ ఇంటికి?"

ఫోను స్పీకర్లో పెట్టినట్టున్నారు, అవతల ఎక్కడో మా పిచ్చుక పకపకా నవ్వడం వినిపించింది. ఆయన జవాబు ఆలోచించుకునే లోపల నేను ఫోను కట్టేసి సంచిలో వేసుకున్నాను. వంతెన ఇంకా సగం మిగిలి ఉంది.