హెల్పర్ అంటే ఎవరు

పక్కవాటాలో చొక్కాలకు గుండీలు కుట్టే ఆవిడ ఏ కబురు చెప్పినా అందులో సగం అబద్ధం, పావు ఊహ. మిగిలిన పావే కొంపలు ముంచేది. ఆ శనివారం పొద్దున పంపు దగ్గర ఆవిడ అన్నదట: "లాండ్రీ గేటు దగ్గర మా ఆయన చెవులారా విన్నాడు. కొత్త మేనేజరు హెల్పర్లందర్నీ పీకేస్తున్నాడంట. సోమవారం గోడకి లిస్టు అంటిస్తారంట. పాపం, ఆ వదినకి ఎవరు చెబుతారో ఏమో!"

చెప్పేవాళ్ళకు కరువా? మధ్యాహ్నానికల్లా నలుగురు చెప్పారు వదినకు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమె అందరికీ వదినే. మరిది పిలిచే పిలుపు విని మిగతావాళ్ళూ అదే పట్టుకున్నారు. పదకొండేళ్ళుగా పెద్ద ఇస్త్రీ రోలరు నడిపేది ఆమె. మంచమంత వెడల్పున నిప్పులా కాగుతూ తిరిగే రోలరు అది. తడి దుప్పటి అంచును రెండు చేతులా సమంగా పట్టి దానికి అందించాలి. వెంట్రుకవాసి వంకర పోయిందా, దుప్పటి చుట్టుకుపోయి కమురు కంపు కొడుతుంది. కంగారుపడి మిషను ఆపితే ఇంకా చేటు, రోలరు కింది మెత్త కూడా కాలిపోతుంది. వేడి తగ్గించి, అరచుట్టు వెనక్కి తిప్పి, గుడ్డను ఏటవాలుగా లాగాలి. ఎంత లాగాలో ఆమె చేతికి తెలుసు గానీ నోటికి తెలియదు. ఆ విద్య నేర్చినందుకు ఆమె రెండు ముంజేతుల మీదా కాలిన గీతలు గాజుల్లా వరసగా ఉన్నాయి.

రిజిస్టరులో మాత్రం ఆమె హెల్పరు. ఆపరేటరు మరిది.

ఇందులో ఒకరు చేసిన మోసం లేదు. చేజేతులా తెచ్చిపెట్టుకున్నదే. ఆపరేటరు పదో తరగతి పాసై ఉండాలని రూలు. ఆమె చదువు అయిదుతో ఆగింది. మరిది పది పాసై, పని దొరక్క అరుగులు అరగదీస్తున్నాడు. "పేరెవరిదైతేనేమమ్మా, దుప్పటి తెల్లగా రావాలి గానీ" అన్నాడు అప్పటి సూపర్‌వైజరు. అలా మరిది పేరు పై గడిలో, ఆమె పేరు కింది గడిలో ఎక్కాయి. ఆమె ఇటు నుంచి దుప్పటి అందిస్తే అతను అటు నిలబడి మడత పెట్టేవాడు. మడత మాత్రం ముచ్చటగా పెడతాడు, ఆ మాట కాదనకూడదు. "సొమ్మొకరిది, సోకొకరిది" అని గుండీలావిడ ఆనాడే మూతి విరిచింది. "మా ఇంటివాడేగా" అని వదిన నవ్వేసింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మొగుడు నడుం విరిగి మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. కూతురు తొమ్మిదో తరగతి. ఆ ఇంట్లో సంపాదించే చేతులు రెండే రెండు.

ఆదివారం కూతుర్ని అర్జీ రాయమని కూర్చోబెట్టింది.

"ముందు హెల్పర్ అంటే ఏంటో చూడవే."

కూతురు డిక్షనరీ తిరగేసింది. "పనిలో ఇంకొకరికి తోడ్పడే మనిషి."

"ఇంకొకరెవరే? ఆ పని చేసేదే నేనైతే?"

"అట్లా రాస్తే కుదరదమ్మా. ప్రతి మాటకీ ఒక అర్థం ఉంటుంది."

"దానికుంటే చాలా? నాకుండొద్దా?"

మంచంలోంచి మొగుడు మూలిగాడు. "తమ్ముణ్ణి అడగరాదూ. వాడు ఒక్క మాట చెబితే అయిపోద్ది."

అడగడానికి వెళ్ళింది. మరిది గుమ్మంలో కూర్చుని సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నాడు. తోటికోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, గ్లాసు కోసమన్నట్టు అక్కడే నిలబడింది.

"రోలరు నడిపేది మా వదినేనని ఒక్క ముక్క చెప్పు నాయనా. నీకు పుణ్యముంటది."

"మరి ఇన్నేళ్ళూ నువ్వేం చేశావని అడుగుతారు కదా వదినా?"

"మడత పెట్టావు."

"మడతలు పెట్టేవాణ్ణి ఉంచుతారా?"

తోటికోడలు గ్లాసు అందుకుంది. "మాకూ పిల్లలున్నారక్కా."

వదిన ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా తిట్టుకోవాలని చూసింది గానీ, తిట్టొక్కటీ నోటికి రాలేదు. వాణ్ణి ఆ గడిలో కూర్చోబెట్టింది తనే.

సోమవారం లిస్టు అంటించారు. పై నుంచి నాలుగో పేరు ఆమెదే. అర్జీ చేత పట్టుకుని మేనేజరు గదికి పోయింది. అతను ఆసాంతం చదివాడు. కసురుకోలేదు. కసిరినా బాగుండేది.

"చూడమ్మా, మా రూల్సులో హెల్పర్ అంటే స్పష్టంగా ఉంది. ఆపరేటర్ ఏం చెబితే అది చేసే మనిషి. సొంతంగా మిషను మీద చెయ్యి వెయ్యకూడదు. నువ్వేమో పదకొండేళ్ళు నడిపానని రాసిచ్చావు. ఇది పైకి పంపితే తప్పు నీదే అవుతుంది."

"మీ కాళ్ళు పట్టుకుంటాను సారూ. ఒక్కసారి వచ్చి నా పని చూడండి. ఒక్క దుప్పటి."

"మాటకి అర్థం నేను మార్చలేనమ్మా."

ఆమె నిజంగానే వంగింది. అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అప్పుడు వచ్చింది కమురు కంపు.

మేనేజరు పరుగెత్తాడు, వెనకే ఆమె. మేనేజరు చూస్తే ఆపరేటరులా కనబడాలని ఆ పూట రోలరుకు దుప్పటి అందించడానికి మరిదే నిలబడ్డాడు. మూడో దుప్పటి చుట్టుకుపోయింది. పొగ లేస్తోంది. మరిది చెయ్యి ఆపే మీట దాకా పోయి వెనక్కొచ్చింది. ఆపకూడదని అతనికి తెలుసు. ఆ తర్వాతేం చెయ్యాలో తెలియదు. మడతబల్ల దగ్గర పనివాళ్ళంతా గుడ్లప్పగించి చూస్తున్నారు.

వదిన చేతులు వాటంతటవే లేచాయి. ఆమె వాటిని దించి కొంగులో చుట్టుకుంది.

"చూస్తూ నిలబడ్డావేంటమ్మా!" మేనేజరు అరిచాడు. "వెళ్ళు, ఏదో ఒకటి చెయ్యి!"

ఆమె వెళ్ళి రోలరు పక్కన, హెల్పరు నిలబడాల్సిన చోట నిలబడింది. మరిది ముఖంలోకి చూసింది. ఆ ముఖం చెమటతో ముద్దయిపోయి ఉంది.

"ఆపరేటర్ ఏం చెబితే అదే చెయ్యాలన్నారుగా సారూ. చెప్పమనండి."