సగాల వదిన

ఫోల్డరు మీద నొక్కగానే కంప్యూటరు మళ్ళీ గుడ్లు తేలేసింది. తెర తెల్లబడింది. బాణం గుర్తు కాస్తా గుండ్రంగా మారి తిరగడం మొదలుపెట్టింది. నేను మౌస్‌ను బల్లకేసి కొట్టాను, తిట్టాను, చివరికి బతిమాలాను కూడా. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఫోటోలున్న ఫోల్డరు తెరుచుకుంటుంది, పాటలున్నది తెరుచుకుంటుంది, అన్నయ్య ఆఫీసు చెత్తాచెదారం అంతా వద్దన్నా కనిపిస్తుంది. నాన్న వీడియోలున్న ఫోల్డరు దగ్గరికొచ్చేసరికి మాత్రం దానికి మింగలేక కక్కలేక అయిపోతుంది.

"తెరుచుకుందా?" పక్క గదిలోంచి అమ్మ అడిగింది.

"తెరుచుకుంటుందమ్మా, ఉండు."

"పొద్దుట్నుంచీ అదే మాట."

నాకు ముక్కుమీద కోపం. నాన్న నన్ను టపాకాయ అని పిలిచేవాడు. ఇప్పుడు పిలవలేడు. గొంతులో గడ్డకు ఆపరేషన్ చేసి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

ఆయన వైరింగ్ మేస్త్రీ. నిచ్చెన మీద నిలబడి కిందివాళ్ళను కేకేసీ కేకేసీ పెంచిన గొంతు అది. పనినుంచి రాగానే చెప్పులు విప్పకుండానే గడపలోంచి "ఉన్నావా?" అని అరిచేవాడు. "ఎక్కడికి పోతాను?" అని అమ్మ ఎక్కడున్నా అక్కణ్ణుంచే జవాబు చెప్పేది. ఇద్దరికీ మాటల్లేని రోజుల్లో కూడా ఈ రెండు మాటలు మాత్రం ఆగేవి కావు. తర్వాత అమ్మకు చూపు తగ్గి వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయాక, ఆ కేక వినగానే ఆవిడ ముఖం అటు తిరిగేది. ఆవిడకు నాన్నంటే ఆ గొంతే.

అందుకే ఆపరేషన్‌కు ముందు ఆయన ఎదురుగా అన్నయ్య పాత వీడియో కెమెరా పెట్టాం. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, గోడ ప్లగ్గుకు తగిలించే వాడాలి. మేం అడుగుతుంటే ఆయన చెప్పాడు. చిన్నప్పటి సంగతులు, షాకు కొట్టిన సంగతులు, మమ్మల్ని తిట్టిన తిట్లు కూడా. ఆఖరి రోజు మాత్రం అందర్నీ బయటికి పంపేసి తలుపేసుకున్నాడు. "ఇది మీ అమ్మకు," అన్నాడు, అంతే. అన్నయ్య వాటినన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, బుద్ధిమంతుడిలా కెమెరా కార్డు ఖాళీ చేసేశాడు.

ఇప్పుడు నాన్న పలక మీద రాస్తాడు. రాసింది అమ్మకు కనపడదు. మేం చదివి వినిపించాలి. "కూరలో ఉప్పు తక్కువైంది" లాంటివి కూతురి నోటితో పెళ్ళానికి చెప్పించవచ్చు. అన్నీ అలా చెప్పించలేం కదా. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన పలక మీద ఒకటే రాస్తున్నాడు: "చివరి వీడియో మీ అమ్మకు వినిపించండి. చెప్పాల్సింది చెప్పేశాను." అందులో ఏముందో ఇప్పుడే రాయి నాన్నా అంటే, అదే వాక్యం కింద ఇంకో గీత గీస్తాడు. చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు ఆయనకు గొంతున్నప్పుడే లేదు.

దీనికి తోడు ఆయనకు కొత్త పిచ్చి ఒకటి పట్టుకుంది. గది దాటితే స్విచ్ ఆపండని మమ్మల్ని చెవులు మెలేసి పెంచిన మనిషి, ఇప్పుడు అమ్మ ఉన్న గదిలోకి వెళ్ళినప్పుడల్లా లైటు స్విచ్ టిక్కుటిక్కుమని ఆడిస్తున్నాడు. "మాట పోయింది సరే, మతి కూడా పోయిందా? ఆ కరెంటుతో ఆటలేమిటండీ?" అని అమ్మ విసుక్కుంటుంది. ఆయన తల కొట్టుకుని బయటికొచ్చేస్తాడు. వచ్చి, కంప్యూటరు ముందున్న నా వైపు చూస్తాడు. ఆ చూపు నేను భరించలేకపోతున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య కంప్యూటరు కొట్టువాడికి ఫోన్ చేశాడు. "డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి పారేస్తే సరి అంటున్నాడు. కంప్యూటరు కొత్తదానిలా అయిపోతుందట," అన్నాడు.

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?" అని నేను లేచాను. అన్నాచెల్లెళ్ళం గొంతులు పెంచుకుంటూ ఉండగా వదిన తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

వదినది టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. నేల కింద కేబులు ఎక్కడ తెగిందో కనిపెట్టే ఇంజనీరు. కంప్యూటర్లు ఆమె పనిలోవి కావు. ఆమెను నేను వెనకాల నిదానమ్మ అంటాను. ఉల్లిపాయ తరగడానికి కూడా ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఆకలేసినప్పుడు ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఇంతవరకూ ఏమేం చేశావు?" అని అడిగింది.

"అన్నీ చేశాను. ఆపాను, వేశాను, ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించాను, పాతది తీసేశాను, సెట్టింగులు మార్చాను."

"అన్నీ ఒకేసారి మారిస్తే, ఏది మార్చడం వల్ల ఏమైందో నీకెలా తెలుస్తుంది?"

నేను మూతి ముడిచాను.

ఆమె ఆ ఫోల్డరు తెరవలేదు. తెరవకుండానే దాన్ని మొత్తంగా ఇంకో డిస్కులోకి కాపీ చేసింది. అది ఎక్కుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. "దీన్ని మనం ముట్టుకోం. ఏం చేసినా కాపీ మీదే," అంది. నాన్న పక్కనున్న కుర్చీలోంచి తన కరెంటు టెస్టరుతో కుర్చీ చేతి మీద ఒకసారి కొట్టాడు. అది మెచ్చుకోలు. నాకు ఆ చప్పుడు ఎప్పుడూ దక్కలేదు.

తర్వాత ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫైళ్ళ మీద చిన్న బొమ్మలు చూపించడం ఆపేసింది. అప్పుడు కాపీ ఫోల్డరు తెరిచింది. టక్కున తెరుచుకుంది! వరసగా పేర్లు, అంతే.

"అయిపోయిందా?" అన్నాను.

"ఇంకా లేదు. ఫోల్డరు తెరిస్తే చాలు, ప్రతి వీడియోలోకీ తొంగిచూసి ఒక బొమ్మ తెచ్చి అతికించాలని చూస్తుంది ఇది. వీటిలో ఒకదాని దగ్గర దానికి బొమ్మ దొరకట్లేదు. దొరికేదాకా వెతుకుతూ అక్కడే కూర్చుంటోంది. తప్పు కంప్యూటరుది కాదు, ఏదో ఒక ఫైలుది. అదేదో చూద్దాం."

"అన్నిటికంటే పెద్దది అయ్యుంటుంది," అన్నాను.

"అయ్యుండొచ్చు. ఊహించడమెందుకు?"

ఆమె సగం వీడియోలను ఒక ఫోల్డరులో, సగాన్ని ఇంకోదాంట్లో పెట్టింది. బొమ్మలు మళ్ళీ చూపించమని మొదటి సగం తెరిచింది. నాన్న ముఖాలు టకటకా వచ్చేశాయి. రెండో సగం తెరిచింది. తెర తెల్లబడిపోయింది. నేనైతే మౌస్ విసిరేసేదాన్ని. వదిన ముఖం మాత్రం వెలిగింది. "ఇందులో ఉంది," అంది, చుట్టం దొరికినంత సంతోషంగా. పడకేసిన ప్రోగ్రాంను మూసేసి, బొమ్మలు ఆపి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది.

"కేబుల్ అయినా ఇంతే. మధ్యలో పట్టుకుని చూస్తాం. ఇటు సగం బాగుంటే తప్పు అటు సగంలో ఉన్నట్టు. మళ్ళీ దాన్లో సగం. లేకపోతే వీధంతా తవ్వుకుంటూ పోవాలి."

తెర తెల్లబడిన ప్రతిసారీ నేను ఉలిక్కిపడ్డాను, ఆమె తల ఊపింది. నిజం చెప్పాలంటే, అప్పటికి నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. నేను గోడకు తల బాదుకున్న చోటే ఈవిడ తలుపు ఎక్కడుందో తడిమి చూస్తోంది. నిదానమే ప్రధానం అని పెద్దలంటే చేతకానివాళ్ళ సామెత అనుకునేదాన్ని. కాదని ఆ మధ్యాహ్నం ఒప్పుకున్నాను.

సగాలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగిలింది. వదిన దాని తేదీ చూసి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. నేనూ చూశాను. అది నాన్న తలుపేసుకుని చేసిన చివరి వీడియో.

"దాన్నొక్కదాన్ని తీసేస్తే మిగతావన్నీ బాగున్నట్టేగా," అన్నాడు అన్నయ్య. నేను చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు.

నాన్న పలక ఎత్తలేదు. టెస్టరు ఒళ్ళో పడి ఉంది. గడప దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు.

"పోయిందా అమ్మాయ్?" అని అడిగింది.

"పోలేదత్తయ్యా," అంది వదిన. ఉత్తుత్తి ధైర్యం చెప్పే మనిషి కాదు, అందుకే నాకు ఊపిరొచ్చింది. "ఫైలు ఖాళీగా లేదు, బరువుగానే ఉంది. మామయ్య గొంతు లోపలే ఉంది. కెమెరా ఆపినప్పుడు అది చివర్లో ఒక విషయసూచిక రాసుకుంటుంది, ఏది ఎక్కడుందో. దీనికి ఆ పేజీ లేదు. ఆపకుండానే కరెంటు పోయినట్టుంది. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి చూపించి, ఇలాగే ఇదీ రాసుకో అని చెప్పే ప్రోగ్రాం ఉంది. ప్రయత్నిద్దాం."

మొదటిసారి కుదరలేదు. ఆకుపచ్చ చారలు, గరగర చప్పుడు వచ్చాయి. అమ్మ చెవులు మూసుకుంది. వదిన కాసేపు ఆలోచించి, "మొదటి రోజు వీడియోను నమూనాగా ఇచ్చాను. ఆ తర్వాత కెమెరా సెట్టింగు ఎవరైనా మార్చారా?" అని అడిగింది. బొమ్మ బాగా రావాలని మర్నాడే మార్చానని అన్నయ్య గొణిగాడు. ఈసారి ఆఖరి రోజే, దానికి ముందు తీసినదాన్ని ఇచ్చింది. ఆ ఒక్కటే మార్చింది. మిగతా ఏదీ ముట్టుకోలేదు.

తెర మీద నాన్న కనిపించాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుని ఉన్నాడు. కుర్చీలోని నాన్న లేచి బయటికి జారుకోబోయాడు.

"కూచోండి," అంది అమ్మ. కూచున్నాడు.

"ఇదిగో, వింటున్నావా," అంది ఆ గొంతు. అమ్మ ముఖం తెర వైపు తిరిగింది. "రేపట్నుంచి నాకు మాటుండదట. పలక మీద రాస్తే నీకు కనపడదు. పిల్లల చేత అన్నీ చెప్పించడం నా వల్ల కాదు, సిగ్గు. అందుకని ఒక ఏర్పాటు ఆలోచించాను. ఈ ఇంట్లో ప్రతి స్విచ్ చప్పుడూ నీకు తెలుసు, అన్నీ నేను బిగించినవే. నువ్వున్న గదిలోకి రాగానే రెండుసార్లు నొక్కుతాను. అంటే నేనొచ్చానని. కరెంటు దండగ అని తిట్టకు. మూడుసార్లు నొక్కితే రోజూ గడపలోంచి అడిగేదే అనుకో. నువ్వు ఎప్పటిలాగే జవాబు చెప్పాలి. గొంతు పోతుంది గానీ చెవులు బాగానే ఉంటాయి నాకు. ఉండు, ఎలా వినబడుతుందో చూపిస్తా."

తెర మీది నాన్న లేచాడు. పక్కనున్న బోర్డు మీదికి చెయ్యి పోయింది. టిక్. తెర నల్లబడింది.

వదిన మెల్లగా వెనక్కి తిరిగింది. "మామయ్యా, కెమెరా ప్లగ్గు పెట్టింది ఆ స్విచ్‌కేనా?"

ఏ స్విచ్ దేనిదో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మేస్త్రీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ముందు నేను నవ్వాను, తర్వాత అన్నయ్య. నాన్న భుజాలు కూడా చప్పుడు లేకుండా ఊగాయి. అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇన్నాళ్ళూ నన్ను పిలుస్తున్నారా మీరు?" అంది. "నేను కరెంటుతో ఆటలనుకున్నాను."

వదిన ఆ వీడియోకు ఇంకో కాపీ తీసుకుంటోంది, ఎవరి వైపూ చూడకుండా. కళ్ళు తుడుచుకున్నట్టు అనిపించింది. అంత పని చేసి, అదేదో కరెంటు బిల్లు కట్టి వచ్చినట్టు మామూలుగా కూర్చుంది. ఆ క్షణంలో లేచి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. నిదానమ్మ అనే మాట ఇక ఎగతాళికి వాడను.

నాన్న లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. వీడియోలో సగంలో ఆగిపోయినదాన్ని ఇప్పుడు పూర్తిచేశాడు. టిక్. టిక్. టిక్. గదిలో లైటు వెలిగి, ఆరి, వెలిగింది.

అమ్మ ఆ చప్పుడు వచ్చిన వైపుకి ముఖం తిప్పింది. గొంతు ఎప్పటిలాగే విసుగ్గా, గట్టిగా వచ్చింది.

"ఎక్కడికి పోతాను?"