సార్ పక్కన ఇంకో కుర్చీ

“చపాతి పిండి పిసికినట్టే గదనే, ఎంతసేపైతది?” అంటూ మా ఆయన ఐలేశ్ బొమ్మ చెయ్యమని ఒక పాత ఫోటో నా ముందు పెట్టాడు. నిజానికి ఆ క్షణంలో నా చేతుల్లో ఉన్నది చపాతి పిండే. అది అయ్యాక అంట్లు, అంట్లయ్యాక అత్తకు మోకాళ్ల నూనె, ఆ తర్వాత గానీ నా పాలిమర్ క్లే వంతు రాదు. అందరూ మట్టి అంటారు గానీ అది మట్టి కాదు. రంగురంగుల ముద్దలుగా డబ్బాల్లో వస్తుంది, వేళ్ల వేడికి మెత్తబడుతుంది, చిన్న కరెంటు ఓవెన్‌లో అరగంట కాలిస్తే గట్టిపడుతుంది. కాల్చేదాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, కాల్చాక ఇక ఆ బొమ్మ అంతే. మానుకోటలో మా రెండు గదుల ఇంట్లో, వంటింటి కిటికీ కింద మూరెడు బల్ల మీద నాలుగేళ్లుగా బొమ్మలు చేస్తున్నాను. పుట్టినరోజులకూ పెళ్లిరోజులకూ జనం అడిగి చేయించుకుంటారు. నా మొగుడు మాత్రం “మా ఆమెకు గదో టైంపాస్” అంటాడు. అదే బొమ్మను తను ఎవరికైనా ఇచ్చేటప్పుడు “హైదరాబాద్ నుంచి తెప్పించిన” అంటాడు. ఎంత ముచ్చటైన మనిషో చూడండి!

ఐలేశ్ కురవి అవతల ఒక ఊరి హైస్కూల్లో జూనియర్ అసిస్టెంట్. అక్కడి హెడ్మాస్టర్ పోశాలు సార్ ఆదివారం రిటైరవుతున్నాడు. కానుక బాధ్యత మా ఆయన నెత్తిన వేసుకుని, సార్ పెళ్లైన కొత్తలో దిగిన ఈ నలుపు తెలుపు ఫోటో సంపాదించాడు. సార్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన భార్య మైసమ్మ వెనక నిలబడి కుర్చీ మీద చెయ్యేసింది. “గా చెయ్యి మాత్రం ఉండాలె. గదే అందం. అందరికి సేమ్ టు సేమ్ అని చెప్పిన” అన్నాడు. చీర రంగేమిటంటే “ఏదో ఒకటి వెయ్యి” అన్నాడు. నా దగ్గరికి వచ్చే మగవాళ్లంతా ఇదే మాట అంటారు. మీ ఆవిడ ముక్కుపుల్ల కుడివైపా ఎడమవైపా అంటే తల గోక్కుంటారు. ఏదో ఒకటి వెయ్యడం నాకు చేతకాదు. అందుకే మర్నాడు, సార్ బడికి వెళ్లాక, ఇంటి నంబరుకు ఫోన్ చేశాను. మైసమ్మే ఎత్తింది. నేనెవరో చెప్పి, సార్‌కు తెలియనివ్వొద్దని ఒట్టు పెట్టించుకుని, సంగతి చెప్పాను.

“ఆకుపచ్చ చీర బిడ్డా, ఎర్రంచు. మా అక్కది. ఫోటో దిగంగనే ఇచ్చెయ్యాలె అని ఆమె స్టూడియో బయటనే నిలవడ్డది” అని నవ్వింది.

“కుర్చీ మీద చెయ్యేసి ఎంత ముద్దుగున్నరు పెద్దమ్మా” అన్నాను.

“ముద్దేంది బిడ్డా! పడిపోత అని పట్టుకున్న. నాకప్పుడు మూడో నెల. పొద్దుగాల్నుంచి ఒక్కతీరు కక్కుడు. కండ్లు తిరుగుతున్నయంటే, ఉన్నది ఒక్కటే కుర్చీ అన్నడు స్టూడియో ఆయన. గా కుర్చీల సార్ కూసున్నడు.” తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “సార్ ట్రైనింగ్ చదివినన్ని దినాలు నాట్లకు పోయి పోయి మోకాళ్లు అరిగినయి. బొమ్మలోనన్న నన్ను జర కూసోబెడ్తవా బిడ్డా?”

కాస్త చోటిమ్మన్నట్టు అన్న ఆ ‘జర’ ఫోన్ పెట్టేశాక కూడా చెవిలోనే ఉండిపోయింది. ఒక మనిషి తన మొగుడి పక్కన ఒక కుర్చీ కోసం అంత బతిమాలాలా? నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, నా మీద నాకే సిగ్గేసింది. నేనూ ఆ చెయ్యి చూసి ప్రేమే అనుకున్నాను కదా! అసలు నేను మాత్రం రోజుకు ఎంతసేపు కూర్చుంటున్నానని? అన్నం కూడా స్టవ్ పక్కన నిలబడే నాలుగు ముద్దలు మింగేదాన్ని. పెళ్లైన కొత్తలో ఒకసారి సోఫాలో కూర్చుంటే “ఏంది, పానం బాగలేదా?” అని మా అత్త అడిగింది. ఆమె తప్పు కాదు, మా ఇంట్లో ఆడమనిషి కూర్చోవడమంటే జ్వరమొచ్చినట్టే. ఆ మధ్యాహ్నం రెండో కుర్చీ చేశాను, సార్ కుర్చీకి అణువంత కూడా తగ్గకుండా. మైసమ్మ మోకాళ్లు వంచి కూర్చోబెట్టి, ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు ఒళ్లోంచి పాదాల మీదికి దించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టాను. దేన్నీ పట్టుకోవాల్సిన పని లేని చేతులవి.

శనివారం సాయంత్రం ఐలేశ్ చూసి భగ్గుమన్నాడు. “ఏందిది? నిన్నెవరు కూసోబెట్టమన్నరు?”

“ఆమే అడిగింది” అని ఫోన్ సంగతంతా చెప్పాను.

“కానుక ఆమెకా, సార్‌కా? రేపు స్టేజి మీద నా ఇజ్జత్ పోతది. ఇంకా కాల్చలేదు గద, సక్కగ నిలబెట్టు. లేకుంటే రేపట్నుంచి నీ మట్టి సామాన్లన్ని అటకెక్కుతయి, చెప్తున్న.”

అన్నంత పనీ చేసే మనిషే. బొమ్మ ఇంకా మెత్తగానే ఉంది, పది నిమిషాలు చాలు మోకాళ్లు సాఫుగా లాగడానికి. తెల్లారి అతను హాలు సర్దడానికి వెళ్లాక బల్ల ముందు నిలబడ్డాను. ఆ మూరెడు బల్ల పోతే నాకు ఈ ఇంట్లో స్టవ్ తప్ప ఏం మిగులుతుంది? నిజం చెప్పాలంటే నిలబెట్టేద్దామని ఒకసారి మైసమ్మ బొమ్మ కాలు పట్టుకున్నాను కూడా. అప్పుడే మా అత్త చిలుకమ్మ కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చింది. రోజూ “బువ్వ వండే చేతులకు గా రబ్బరు ముద్దలేంది” అని సణిగే మనిషి. రాత్రి మా మాటలన్నీ వింది కాబోలు.

“కడుపుతోని ఉన్నదాన్ని నిలబెట్టిండ్రా?” అంది. అవునన్నాను. “బియ్యం ఇటియ్యి. వంట నేను జూస్త. నువ్వు నీ పని జేస్కో.”

ఈ నాలుగేళ్లలో మొదటిసారి ఆమె దాన్ని నా పని అంది. నేను ఓవెన్ తలుపు తీసి, ఇద్దర్నీ కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే లోపల పెట్టి, స్విచ్ వేశాను.

కాలిన బొమ్మను కాగితంలో చుట్టి సభకు నేనే తెచ్చాను, నిలబెట్టలేదని చెప్పేసరికి ఐలేశ్ మొహం మాడిపోయింది. “మన ఐలేశ్ గారు హైదరాబాద్ నుంచి తెప్పించిన కానుక” అని ఎవరో మైకులో చెప్పారు. లోపలికి వస్తూ మైసమ్మకు నేనెవరో చెప్పుకుని, వెనక వరసలో చెమటలు కక్కుతున్నాను. పోశాలు సార్ కాగితం విప్పి, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ముందు మైకుందన్న సంగతి మరిచిపోయి పక్కనున్న భార్యను అడిగాడు.

“గిట్ల మనమెప్పుడు కూసున్నమే?”

“కూసోలే. గందుకే చేపిచ్చిన” అంది మైసమ్మ.

హాలంతా ఆ మాట వినబడింది. ముందు నవ్వారు, తర్వాత ఆగిపోయారు. ఆమె మైకు దగ్గరికి వంగి, “హైదరాబాద్ గాదు. చేసింది సుమన, గాడ ఎన్కకున్నది. మన మానుకోట పిల్ల” అంది. తప్పంతా తన మీద వేసుకుంది, పేరు మాత్రం నాకిచ్చింది. పదో తరగతి ఫలితాల తర్వాత నా పేరు మైకులో వినబడడం అదే. సార్ ఆ బొమ్మను ఎవరికీ ఇవ్వకుండా సభ అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఐలేశ్ కూడా చప్పట్లు కొట్టాడు, కొట్టక ఏం చేస్తాడు! అటక మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మా అత్తకు కూడా.

ఇప్పుడు ఎవరు ఫోటో తెచ్చినా, అందులో ఉన్న ఆడమనిషికి ఫోన్ చేసి మీరెట్లా ఉండాలనుకుంటున్నారని అడిగాకే క్లే ముట్టుకుంటున్నాను. బయ్యారంలో ఒకామె కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నట్టు చేయమంది. మా పక్కింటి ఫిర్దౌస్ అక్క పట్టపగలు నిద్రపోతున్నట్టు అడిగింది. “నా చేతుల చాయ్ గిలాస ఉండాలె, గా చాయ్ నేను పెట్టింది గావద్దు” అంది మా అత్త. ఇన్నాళ్లలో నిలబెట్టమని ఒక్కరూ అడగలేదు.