తెస్ఫాయి కోసం వేసిన కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. కూర్చోవడానికి చేసిన నా మీద ఏళ్ల తరబడి ఎవ్వరినీ కూర్చోనివ్వలేదు. అది అన్యాయం. ఇందులో వాదించడానికేమీ లేదు.

బాపట్ల దగ్గర ఒక వడ్రంగి నన్నూ నా జంటనూ ఒకే మొద్దులోంచి తీశాడు. ఊరి చర్చిలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే కుర్చీలం మేము. టేకే అయినా ఒక వానాకాలం నా జంటకు చెద పట్టింది. ఆమెను పొయ్యిలో పెట్టి, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు అన్నం వండారు. అన్నం బాగా కుదిరిందన్నారు. నేను క్షమించలేదు.

ఒంటి కుర్చీతో పెళ్లి జరగదు కదా, నన్ను మూలకు నెట్టారు. ఒక ఆదివారం పాస్టరు తిమోతి గారు ఒక వార్త చెప్పారు. సముద్రాల అవతలి దేశంలో తెస్ఫాయి అనే బడిపంతులు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాడట. అక్కడ అదే నేరమని, విచారణైనా లేకుండా జైల్లో వేశారట. స్త్రీల సమాజం పెద్ద ఏస్తేరమ్మ చాప మీద నుంచి లేచి, నన్ను ముందుకు ఈడ్చుకొచ్చింది.

"ఆయనొచ్చిందాకా ఇది ఆయన కుర్చీ. ఎవురూ కూచోమాకండి."

సంఘపెద్ద ఒకాయన మరిచిపోయి కూర్చున్నాడు.

"లెగవయ్యా! నువ్వేమన్నా జైల్లో ఉన్నావా?"

"ఉంటే బాగుండునని మా ఆవిడ రోజూ అంటానే ఉంటది," అంటూ లేచాడు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ చేరి ఆ జైలరుకు కార్డులు రాసేవారు. చిరునామా పాస్టరు గారు ఇంగ్లీషులో వేసేవారు. విషయం మాత్రం ఏస్తేరమ్మది, తెలుగులోనే. "జైలరు గారికి వందనాలు. మేమిక్కడ క్షేమం. మీ ఇంట్లోవాళ్లంతా క్షేమమని తలుస్తాం. మా తెస్ఫాయిని వదిలిపెట్టండి."

"ఆయనకు తెలుగు రాదమ్మా," అన్నారు పాస్టరు గారు.

"రాకపోతే నేర్చుకుంటాడయ్యగారూ. తాళాలెయ్యటం తప్ప ఆయనకేం పని?"

జవాబు రాలేదు. తెస్ఫాయి బతికి లేడేమోనని కొందరు రాయడం మానేశారు. ఏస్తేరమ్మ మానలేదు. నాకు కొబ్బరినూనె రాయడమూ మానలేదు.

చివరికి తెస్ఫాయిని వదిలేశారు. వదిలేయడమే కాదు, కార్డులు రాసినవాళ్లను చూడాలని మనిషి మా ఊళ్లోకే వచ్చాడు. బక్కగా, నవ్వుతూ. అతని మాటలు పాస్టరు గారు తెలుగులో చెప్పారు.

"మీ కార్డులు అక్కడెవరికీ చదవడం రాలేదు. ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఏదో పెద్ద ప్రభుత్వం నా గురించి అడుగుతోందనుకున్నారు. ఆ భయంతోనే నన్ను కొట్టడం మానేశారు."

"మేమడిగింది వాళ్లింట్లో క్షేమమా అనేగా!" అంది ఏస్తేరమ్మ. చర్చంతా గొల్లుమంది. నవ్వుతూనే కొంగులు కళ్లకు ఒత్తుకున్నారు.

తరువాత నన్ను చూపించారు. నేను సిద్ధంగా ఉన్నాను. అతను నా చేతిని నిమిరాడు.

"ఒంటరిగా చాలాకాలం కూర్చున్నాను," అన్నాడు. పోయి చాప మీద జనం మధ్య కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులతో నిలబడ్డ ఏస్తేరమ్మను చూసి, మళ్లీ లేచి, ఆమెను నా మీద కూర్చోబెట్టాడు.

"అమ్మయ్య!" అంది ఆమె.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమే. బరువైన మనిషి. నా వెనక కాలు కిర్రుమంటోంది. కార్డులు నా మీద కూర్చునే రాస్తుంది, ఇప్పుడు ఇంకో దేశంలో బందీగా ఉన్న ఒక నర్సు కోసం. ఆ నర్సుకు వేసిన ఖాళీ కుర్చీ నా పక్కనే ఉంది, నా జంట ఉండే చోట. ఎర్ర ప్లాస్టిక్‌ది. ఆ నర్సు రావాలి. వచ్చి కూర్చోవాలి.

తెస్ఫాయి నా మీద కూర్చోలేదు. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తను.