ఏమీ పెరగలేదు

డెబ్బైమూడులో శేరిలింగంపల్లి దగ్గరి ఓ ఫ్యాక్టరీ ఆసుపత్రిలో రోగక్రిముల మీద పెద్ద చదువు చదివిన డాక్టరు ఒక్కతే ఉండేది, రాజరాజేశ్వరి. ఆ చదువుకి అక్కడ ఎంత విలువంటే, రోగుల రక్తంలోంచి క్రిముల్ని పెంచి చూసే ఆమె కల్చర్ గది ఖాళీ చేయించి దూది మూటలు పెట్టించాలని సూపరింటెండెంట్ భీమేశ్వరరావు నిశ్చయించేశాడు.

తప్పెవరిదో మీరే చెప్పండి. జ్వరంతో ఎవరొచ్చినా ఆయన ముందు సూది వేయించేవాడు. మూడు రోజులకీ తగ్గకపోతే అప్పుడు రక్తం తీసి ఈమెకి పంపేవాడు. ఒంటినిండా మందు ఎక్కాక ఆ రక్తంలోంచి క్రిములు ఎలా పెరుగుతాయి? ఆవిడ "ఏమీ పెరగలేదు" అని రాసి పంపేది. ఆ చీటీలన్నీ ముందు పరిచి, "మీ గదివల్ల ఉపయోగం ఏముందండీ?" అనేవాడు. ముందు రక్తం, తర్వాతే మందు అని ఎన్నిసార్లు మొత్తుకుందో! గోడకి చెప్పినా వినేదేమో.

ఓ సోమవారం తెల్లాపూర్ నుంచి ఎల్లేశం అనే కూలీ, ఒళ్ళు కాలిపోతున్న భార్య సీతాబాయిని బండిలో తెచ్చాడు. రాజరాజేశ్వరి సిరంజి పట్టుకుని ఎదురు పరిగెత్తింది.

"జర సూదియ్యుండ్రి డాక్టరమ్మా! ఉన్న నెత్తురెందుకు గుంజుతున్నరు?" ఎల్లేశం గొడవపడ్డాడు.

"ఏ మందు పనిచేస్తుందో ఈ నెత్తురే చెప్తుంది. నన్ను నమ్ము."

ఆమె రక్తం తీసుకున్నాక భీమేశ్వరరావు ఎప్పటి మందే ఇచ్చాడు. గురువారానికీ జ్వరం దిగలేదు. ఆ రోజే ఆమె పెంచుతున్న రక్తం సీసాలో టైఫాయిడ్ క్రిములు దొరికాయి, ఆ మందుకి లొంగని మొండి రకం. ఆమె రిపోర్టు చూసి మందు మార్చారు. మళ్ళీ సోమవారానికి సీతాబాయి లేచి కూర్చుని జావ తాగింది.

ఇక గది దక్కినట్టేనని రాజరాజేశ్వరి సంబరంగా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళింది.

"భేషుగ్గా చేశారండీ. గది ఉంచేద్దాం," అన్నాడాయన. కళ్ళజోడు సర్దుకుని, "ఇంత చక్కగా పెంచగలిగినవారు ఇన్నాళ్ళూ ఎందుకు పెంచలేదండీ?" అని అడిగాడు.

ఆమె ఒళ్ళు మండిపోయింది. "మీరు ముందే సూది వేసేస్తే..." అని మొదలుపెట్టింది. ఆయన వినలేదు. వార్డునుంచి వచ్చిన రక్తం సీసా ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇదీ చూడండి. మూడు రోజులుగా సూదులు వేస్తున్నాం, తగ్గట్లేదు. ఈసారీ పెంచాలి మీరు."

తీసుకుంది, ఏం చేస్తుంది! మర్నాడు పొద్దున్నే సూది గది గుమ్మంలో స్టూలు వేసుకుని, సిరంజితో అడ్డంగా కూర్చుంది. జ్వరంతో వచ్చినవాళ్ళలో ఒక్కరినీ రక్తం ఇవ్వకుండా లోపలికి పోనివ్వలేదు.