తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది?

మా నాన్న నలభై ఏళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ తాళాలు తీసి బతికాడు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అత్తగారు చేతిసంచి దగ్గరకు లాక్కుంది. దొంగ కాదండీ, తాళాల మేస్త్రీ అని చెప్పాకే వదిలింది.

ఆయనకో నియమం ఉండేది. సొంతదారు పక్కన నిలబడితే తప్ప తాళం ముట్టుకునేవాడు కాదు. అదీ చాలదు. "తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది?" అని అడిగేవాడు. చెప్పిందీ కనిపించిందీ ఒకటైతే సరే, లేకపోతే మళ్ళీ తాళం బిగించి చక్కా వచ్చేవాడు. పని అయ్యాక అందరికీ ఒకటే మాట చెప్పేవాడు: "తాళంచెవి జాగ్రత్త. ప్రతిసారీ నేను దొరకను." అలా చెప్పించుకున్నవాళ్ళే నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేవాళ్ళు. ఈయనా దొరికేవాడు.

ఇప్పుడాయనకు మతి తప్పుతోంది. నా పేరు పోయింది, అన్నం తిన్నాడో లేదో పోయింది, చేతిలోని విద్య మాత్రం చెక్కుచెదరలేదు. అది పోయి మిగతావి ఉంటే ఎంత బాగుండేదని డాక్టరు దగ్గర విసుక్కున్నాను కూడా. మొన్న మా ఆయన స్నానాల గదిలో ఉండగా బయటినుంచి గడియ బాగుచేసేశాడు. ఎంత బాగా చేశాడంటే అది మళ్ళీ కదల్లేదు.

"మామయ్యా, తలుపు తీయండి."

"తీస్తే ఎదురుగా ఏముంటుంది?"

"నేనే ఉంటాను, తువ్వాలు కట్టుకుని."

"రుజువేమిటి?"

మధ్యాహ్నం నేను ఆఫీసునుంచి వచ్చేదాకా ఈ విచారణ సాగింది. దానికి నవ్వుకున్నాం. కానీ మరుసటి వారం వీధి తలుపు తీసుకుని పెద్ద రోడ్డు మధ్యదాకా వెళ్ళిపోయాడు. బస్సు ఆయనకు మూరెడు దూరంలో ఆగింది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రంతా ఆయన గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను.

ఇలాంటి పెద్దవాళ్ళను ఉంచుకునే ఆశ్రమాలు మా ఊళ్ళో రెండే ఉన్నాయి. మొదటిదాంట్లో పొద్దున్న చేర్పిస్తే సాయంత్రానికి తిరిగి అప్పజెప్పారు. అక్కడో ముసలావిడ గేటు దగ్గర నిలబడి, "ఇల్లు నాదే నాయనా, చెవి పోయింది" అందట. ఈయన మామూలు ప్రశ్న వేశాడట. "రోడ్డు" అందట ఆవిడ. తీసి చూస్తే నిజంగానే రోడ్డు ఉంది. ఇంకేముంది, నియమం ప్రకారం అంతా సరిపోయింది. పదకొండుమంది పెద్దలు వరసగా బయటికి నడిచి ఎదుటి హోటల్లో టీ తాగారు.

"మీ నాన్నగారు మంచివారేనమ్మా. మా తాళాలే మంచివి కావు" అన్నాడు మేనేజరు.

ఇక రెండోది. అక్కడా కాదంటే నాకు దిక్కులేదు. అందుకని దరఖాస్తులో వృత్తి దగ్గర "ఇనుప పని" అని రాశాను. ఆయన జేబులన్నీ వెతికి పనిముట్లు తీసేశాను. నా జడలోంచి పిన్ను ఎప్పుడు కొట్టేశాడో మాత్రం చూసుకోలేదు. ఆశ్రమం పెద్ద సిస్టరు మాతో మాట్లాడుతుండగానే ఈయన గేటు తాళం ముందు వంగి, "దీనికి నూనె పెట్టి ఎన్నాళ్ళయింది?" అని తల పంకించాడు.

ఆవిడ నావైపు తిరిగింది. "ఇనుప పనా?"

ఒప్పుకోక తప్పలేదు. నియమం సంగతి, టీ సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నడుముకున్న తాళంచెవుల గుత్తి ఊడదీసి ఆయన కళ్ళముందు ఆడించింది.

"పెద్దాయనా, ఈ ఇంటికి సొంతదారును నేను."

"తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది?"

"రోడ్డు. రోడ్డు మీద బస్సులు. అందుకే నేను చెప్పందే తీయకూడదు."

నాన్న తాళం వదిలి నిటారుగా నిలబడ్డాడు. "మూసి ఉంచమని నన్ను పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు" అన్నాడు. పిన్ను ఆవిడ చేతిలో పెట్టాడు.

వారం రోజులు చూసి చెబుతామన్నారు. గేటు దాటితే తీసుకెళ్ళిపోవాలి. ఆ వారం ఫోను మోగినప్పుడల్లా ఆశ్రమంవాళ్ళేమోనని పరిగెత్తాను. ఎనిమిదో రోజు వెళ్ళాను.

"ఒక్క తాళం తీయలేదమ్మా. అన్నిటికీ నూనె పెట్టాడు, నన్ను పక్కన నిలబెట్టుకుని. ఇక ఉండిపోవచ్చు" అంది సిస్టరు.

వారమంతా ఏ మాట కోసం ఎదురుచూశానో అదే మాట. వినగానే ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది. గబగబా నాన్న దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఇంటికి పోదాం పద నాన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇల్లు మీదేనా?"

"మనదే."

"తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది?"

"నీ కుర్చీ."

"కుర్చీలో ఎవరుంటారు?"

ఆయన జాలిగా నా భుజం తట్టాడు. "తాళంచెవి పోతే ఇంత ఏడుపెందుకమ్మా? నేను తీస్తాగా."

నన్ను గేటు దాకా నడిపించాడు. సిస్టరువైపు చూశాడు. ఆవిడ తలూపి చెవి ఇచ్చింది. నూనె పట్టిన తాళం చప్పుడు లేకుండా విడింది. పక్కకు జరిగి నన్ను బయటికి పంపాడు. తను మాత్రం గుమ్మం దాటలేదు. లోపలినుంచి తాళం వేసి, ఒకసారి లాగి చూసి, చెవి సొంతదారు చేతికి ఇచ్చేశాడు.

"ఇక జాగ్రత్తమ్మా" అన్నాడు ఊచల్లోంచి. "ప్రతిసారీ నేను దొరకను."

ఆ మాట విన్నవాళ్ళు నెల తిరక్కుండా వచ్చేవాళ్ళు. నేను రేపే వెళ్తున్నాను, చెవి పోయిందని చెప్పి.